ముహూర్తం వేళ తెగిపోతున్న స్వరం: కల్యాణ మండపాలకు, సౌండ్ సర్వీసులకు, వాయిద్యాల దుకాణాలకు ఒక మేళం వాద్యకారుడి బహిరంగ లేఖ

తిరుపతి,
ఆషాఢ మాసం.

తిరుపతి, చిత్తూరు జిల్లాల కల్యాణ మండపాల యజమానులకు, మేనేజర్లకు, పెళ్లిళ్లకు మైకు సెట్టు కట్టే సౌండ్ సర్వీసు సోదరులకు, ఎలక్ట్రానిక్ వాయిద్యాలు అమ్మే దుకాణదారులకు నమస్కారాలు.

నేను ఇరవై ఆరేళ్లుగా పెళ్లి మేళాల్లో ఊదుతున్న వాద్యకారుణ్ని. మా నాన్నగారి దగ్గర నాదస్వరం నేర్చుకున్నాను, ఆ తర్వాత శాక్సఫోన్ పట్టాను, ఐదేళ్లుగా వీటితో పాటు ఎలక్ట్రానిక్ శాక్స్ కూడా వాయిస్తున్నాను. ఈ వాయిద్యం విషయంలో మా రెండు జిల్లాల వాద్యకారులు పడుతున్న ఇబ్బందిని మాఘంలో ఒకసారి, చైత్రంలో మరొకసారి మండపాల వారి సంఘానికి రాతపూర్వకంగా విన్నవించుకున్నాం. మొదటి వినతికి జవాబు రాలేదు. రెండోదానికి "మీ వాయిద్యం బాగలేకపోతే మేమేం చేస్తాం" అని ఫోనులో ఒక మాట వచ్చింది. సౌండ్ సర్వీసు వాళ్లకు నోటిమాటగా ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. ఇప్పుడు ఆషాఢం కనుక ముహూర్తాలు లేవు, మీకూ మాకూ కాస్త తీరిక ఉంది. శ్రావణం వచ్చేలోగా ఈ విషయం తేలాలన్న కోరికతో అందరికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను.

ఎలక్ట్రానిక్ శాక్స్‌లో రీడు, అంటే ఊపిరికి అదిరి శబ్దం పుట్టించే పలుచని బద్ద, ఉండదు. మూతి దగ్గరున్న సెన్సారు ఊపిరి ఒత్తిడిని కొలుస్తుంది, వేళ్ల కింది మీటలు ఏ స్వరమో చెబుతాయి, ఆ సమాచారాన్ని లోపలి చిప్ గానీ బయట టాబ్లెట్‌లో ఉన్న యాప్ గానీ శబ్దంగా మారుస్తుంది. ఇది నిన్నమొన్నటి ఆటవస్తువు కాదు. అకాయ్, యమహా కంపెనీలు 1987లోనే ఈ తరహా వాయిద్యాలను తెచ్చాయి, రోలాండ్ వారి ఏరోఫోన్ 2016లో వచ్చింది. మావాళ్లు దీన్ని పట్టింది మోజుతో కాదు. యాభై దాటి ఊపిరి తగ్గినవాళ్లు, పళ్లు కదిలి నాదస్వరం పీకను (ఊదే రీడును) పట్టలేనివాళ్లు మరికొన్నేళ్లు వృత్తిలో నిలబడగలుగుతున్నారు. గాయకుడు ఒకటిన్నర శ్రుతి అడిగినా, ఐదు అడిగినా మీట నొక్కితే సరిపోతుంది. ఒక గది అద్దె ఇళ్లలో ఉండే పిల్లలు పక్కింటివాళ్ల నిద్ర చెడకుండా రాత్రి పదకొండింటికి హెడ్‌ఫోన్ పెట్టుకుని సాధన చేసుకుంటున్నారు. నాదస్వరానికి ఇది సాటి అని నేను అనను, గుడిలో నాదస్వరమే ఉండాలి. కానీ కర్ణాటక సంగీత విద్వాంసుడు కద్రి గోపాల్‌నాథ్ గారు దాని మీద గమకాలు, అంటే స్వరాల ఊపులు, పలికించి చూపేదాకా శాక్సఫోన్‌ను కూడా బ్యాండు వాయిద్యమనే అనుకున్నారు, ఈనాడు అదే శాక్సఫోన్ మన పెళ్లిళ్లలో డోలు పక్కన కూర్చుంటోంది.

ఇక జరిగింది చెబుతాను. మండపం పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క మండపంతో వచ్చిన తగాదా కాదు.

వైశాఖంలో తెల్లవారుజాము ముహూర్తం. మేళం ఐదుగురం. నా వాయిద్యం నుంచి స్వరాల సమాచారం బ్లూటూత్ మీద టాబ్లెట్‌కు వెళుతుంది, నాదస్వరం ధ్వని టాబ్లెట్‌లో పుడుతుంది, అక్కడి నుంచి వైరు ద్వారా, అన్ని మైకుల శబ్దాలనూ కలిపి స్పీకర్లకు పంపే మిక్సర్‌కు చేరాలి. టాబ్లెట్‌ను నా పక్కనే, పీటల దగ్గర పెట్టుకుంటానని అడిగాను. సౌండ్ అబ్బాయి తన దగ్గరున్న వైరు తీసి చూపించాడు. అది మీటరున్నర కూడా లేదు. "అన్నా, టాబ్ ఇక్కడే పెట్టేస్తాలే, బ్లూటూతే కదా, దానంతటదే పట్టుకుంటుంది" అన్నాడు. మిక్సర్ ఉన్నది నాకు అరవై అడుగుల దూరంలో, ఎల్ఈడీ తెర వెనకాల. నాలుగు గంటలకు ఖాళీ హాల్లో వాయించి చూస్తే ఒక్క పొరపాటు లేదు. ఆ మాట నమ్మడమే నేను చేసిన తప్పు, దాన్ని ఒప్పుకుంటున్నాను.

ఐదున్నరకు హాలు నిండింది. ఏడువందల మంది, అందరి చేతుల్లోనూ ఫోన్లు, తల మీద డ్రోన్ కెమెరా, ఊళ్లో లేని బంధువుల కోసం లైవ్. పురోహితుడు చెయ్యెత్తడానికి ముందే నాకు తేడా తెలిసింది: ఊదిన స్వరాలు కొంచెం ఆలస్యంగా వస్తున్నాయి, ఒక్కోసారి మూడు నాలుగు స్వరాలు ఒకదాని మీద ఒకటి గుంపుగా వచ్చి పడుతున్నాయి. "గట్టిమేళం!" అన్న మాట వినిపించింది. నేను పై షడ్జం (స) మీదికి వెళ్లబోతూ నిషాదం (ని) దగ్గర ఉన్నాను, అక్కడే సంబంధం తెగింది. మూతి తీసేశాను, వేళ్లు ఎత్తేశాను, అయినా ఆ నిషాదం ఆగలేదు. లారీ హారన్ ఇరుక్కుపోయినట్టు హాలంతా ఒకే స్వరం మోగుతూ ఉంటే, దాని కింద డోలు విద్వాంసుడు ఒక్కడే తల వంచుకుని గట్టిగా వాయిస్తూ పోయాడు. సౌండ్ అబ్బాయి పరుగెత్తుకొచ్చి మిక్సర్ మీద మీట కిందికి లాగేసరికి తాళి కట్టడం అయిపోయింది. అక్షింతలు పడుతుంటే హాల్లో స్వరం లేదు.

పెళ్లికూతురి తండ్రి పుత్తూరు వైపు రైతు. ఆయన నన్ను తిట్టలేదు. తాంబూలాల దగ్గర నిలబడి, "ఏం సామీ, మా పాప ముహూర్తానికి మేళం నిలిచిపోయిందే" అన్నాడు, అంతే. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇరవై రెండు వేలకు ఒప్పుకున్న మేళానికి మేనేజరు గారు ఐదు వేలు పట్టుకుని పదిహేడు వేలు ఇచ్చారు. డోలు విద్వాంసుడి వయసు అరవై రెండు. ఆయన వాటాలోనూ వెయ్యి పోయింది, ఆయన తప్పు ఏమీ లేకుండానే.

మూడో రోజున అనుమతి తీసుకుని ఖాళీగా ఉన్న అదే మండపానికి మేము ముగ్గురం వెళ్లి పరీక్షించాం. వాచ్‌మన్ తలుపు తీసి లైట్లు వేశాడు. అక్కడ మాకు తెలిసినదీ, ఆ తర్వాత చదివి, అడిగి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. ఇది కొంచెం నిడివిగా ఉంటుంది, దయచేసి చివరిదాకా చదవండి, ఎందుకంటే మీరందరూ "బ్లూటూత్ పోయింది" అనే ఒక్క మాటలో సర్దేస్తున్న దానిలో నాలుగైదు వేరువేరు జబ్బులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో మందు.

అన్నిటికంటే ముందు, తప్పు వైర్‌లెస్‌దా వాయిద్యానిదా అని తేల్చే పరీక్ష రెండు నిమిషాలది. చాలా నమూనాల్లో సొంత ధ్వనీ, హెడ్‌ఫోన్ రంధ్రమూ ఉంటాయి. అలాంటి వాయిద్యానికి నేరుగా హెడ్‌ఫోన్ తగిలించి అదే కీర్తన వాయించండి, సొంత ధ్వని లేనిదైతే యూఎస్‌బీ వైరుతో టాబ్లెట్‌కు కలిపి వాయించండి. అక్కడ కూడా స్వరం తెగితే అది ఊపిరి తేమ చేరిన సెన్సారో, నీరసించిన బ్యాటరీయో, పాడైన మీటో అవుతుంది, ఆ బాధ్యత మాది. అక్కడ బాగుండి స్పీకర్‌లో తెగితే జబ్బు దారిలో ఉంది, వాయిద్యంలో లేదు. ఈ పరీక్ష చేయకుండానే మా మేళాలకు డబ్బులు కోస్తున్నారు.

దారి సంగతికి వస్తే, బ్లూటూత్, చాలా వైఫై రూటర్లు, చవక రకం కార్డ్‌లెస్ మైకుల్లో కొన్ని, చాలా డ్రోన్ల రిమోట్లు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే ఇరుకు సందులో నడుస్తాయి. మన దేశంలో 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఈ సందును 2005లో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి వదిలిపెట్టారు. ఆ నిబంధనలోనే, ఎవరికీ ప్రత్యేక హక్కు లేదనీ, ఇతరుల వల్ల అంతరాయం కలిగితే రక్షణ కోరే వీలు లేదనీ ఉంది. అంటే డ్రోన్ వల్ల నా స్వరం తెగిందని నేను ఏ ఆఫీసుకూ వెళ్లి ఫిర్యాదు చేయలేను. హాలు లోపల మనం మనం మాట్లాడుకుని సర్దుకోవలసిందే, ఈ లేఖ మీకు రాయడానికి కారణం కూడా అదే.

వాయిద్యాలు వాడే తక్కువ శక్తి బ్లూటూత్‌లో 40 చానళ్లుంటాయి, వాటిలో పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి వాడేవి ప్రధానంగా 3 మాత్రమే. వందలాది ఫోన్లు, వాచీలు, చెవి ఇయర్‌బడ్లు ఉన్న హాల్లో ఒకసారి తెగిన సంబంధం మళ్లీ కలవడానికి ఆలస్యం అయ్యేది అందుకే. సంబంధం ఉన్నప్పుడు కూడా అందని సమాచారాన్ని బ్లూటూత్ మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది కనుక మొదట స్వరాలు ఆలస్యమవుతాయి, తర్వాత గుంపుగా వస్తాయి, చివరకు తెగిపోతాయి. "స్వరం మొదలు" అన్న సందేశం చేరి, "స్వరం ఆపు" అన్నది చేరకముందే తెగితే ఆ స్వరం మోగుతూనే ఉండిపోతుంది. ఆ రోజు నా నిషాదానికి పట్టిన గతి ఇదే. గమకం మధ్యలో తెగితే ఇంకా ఘోరం: తోడి రాగంలోని గాంధారం ఊగుతూ ఊగుతూ ఎక్కడో మధ్యలో ఆగిపోయి, సంబంధం కలిశాక కూడా ఆ వంపు పోక, తర్వాతి స్వరాలన్నీ అపశ్రుతిలో పలుకుతాయి. వింటున్నవాళ్లు మాకు శ్రుతిజ్ఞానం లేదనుకుంటారు.

పైగా ఈ తరంగాలను మనిషి ఒంట్లోని నీరు పీల్చుకుంటుంది. నాలుగింటికి ఖాళీ హాల్లో బాగున్నది ఐదున్నరకు పాడవడానికి పెద్ద కారణం మధ్యలో చేరిన ఏడువందల శరీరాలే. ఎల్ఈడీ తెరకున్న ఇనుప చట్రం మరో గోడ. వీటికి తోడు మేము ఆ రోజు కనిపెట్టిన మూడోదాన్ని మాలో ఎవరూ ఊహించలేదు. టాబ్లెట్ పెట్టిన చోటే వీడియో వాళ్లు ల్యాప్‌టాప్, దానికి యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కు పెడతారు. ఆ రకం హార్డ్ డిస్కు, దాని వైరు పనిచేస్తున్నంతసేపూ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొద వెదజల్లుతాయి. మా స్నేహితుడి ల్యాప్‌టాప్‌కు అలాంటి డిస్కు తగిలించి, ఫైళ్లు కాపీకి పెట్టి, టాబ్లెట్‌ను దాని పక్కన ఆనించి పెడితే నలభై అడుగుల దూరానికే స్వరం తడబడింది. టాబ్లెట్‌ను మూరెడు పక్కకు జరిపితే తడబాటు సగం తగ్గింది. జానెడు, మూరెడు కొలతలతో తేడా వచ్చే విషయం ఇది, దీన్ని పెళ్లి హడావిడిలో ఎవరు కనిపెడతారు?

ఇవన్నీ విన్నాక మీకు తోచవలసింది ఒక్కటే, మేము చెప్పదలచుకున్నదీ అదే. వైర్‌లెస్ దూరం తక్కువగా ఉండాలి, వైరు పొడవుగా ఉండాలి. టాబ్లెట్‌గానీ, వైర్‌లెస్ సంకేతాన్ని అందుకునే రిసీవర్‌గానీ వాద్యకారుడికి నాలుగడుగుల లోపల ఉండి, అక్కడి నుంచి మిక్సర్ దాకా మామూలు మైకు వైరు ఉంటే పైన చెప్పిన ఇబ్బందుల్లో చాలావరకు రానే రావు. మన మండపాల్లో ఇందుకు తలకిందులుగా జరుగుతోంది.

మరో దురభ్యాసం గురించి సౌండ్ సర్వీసు సోదరులకు ప్రత్యేకంగా చెప్పాలి. మిక్సర్ మీద ఇప్పుడు బ్లూటూత్ బటన్ వస్తోంది, దానికి ఫోన్ కలిపి పాటలు వేసినట్టే వాయిద్యం శబ్దాన్నీ కలపమంటున్నారు. స్వరాల సమాచారం పంపే బ్లూటూత్ వేరు, శబ్దాన్నే పంపే బ్లూటూత్ వేరు. మొదటిదానికి 2015లో ఏర్పడిన ప్రమాణం ఉంది, పరిస్థితి బాగుంటే కొన్ని మిల్లీసెకన్లలో స్వరం చేరుతుంది. రెండోది పాటలు వినడానికి చేసినది. అందులో శబ్దం సాధారణంగా సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. నిమిషానికి 120 దెబ్బల నడకలో తకధిమిలోని ఒక్కో అక్షరం 125 మిల్లీసెకన్లు. 200 మిల్లీసెకన్ల ఆలస్యమంటే డోలు కంటే స్వరం అక్షరంన్నర వెనకబడినట్టు. గాలిలో శబ్దం ఆ సమయానికి దాదాపు 68 మీటర్లు పోతుంది, కనుక నా చేతిలో ఊదిన స్వరం హాలు దాటి అవతలి వీధి నుంచి నాకు వినిపించినట్టు ఉంటుంది. అలా ఎవరూ తాళంలో వాయించలేరు, ఎంతటి విద్వాంసుడైనా సరే.

దీనివల్ల ఎవరికి ఏ నష్టం జరుగుతోందో వరుసగా చెబుతాను.

1. పెళ్లివారికి. ముహూర్తం ఒక్కసారే వస్తుంది. భోజనంలో ఉప్పు తగ్గితే రెండో పంక్తికి సర్దవచ్చు, తాళి కట్టే క్షణంలో ఆగిన మేళాన్ని మళ్లీ వాయించడానికి లేదు. ఆ వీడియో ఆ ఇంట్లో తరాలపాటు ఉంటుంది. అపశకునమని బాధపడే పెద్దవాళ్లున్నారు. పుత్తూరు రైతు గారి ఇంట్లో ఆయన తల్లి రెండు రోజులు సరిగా భోజనం చేయలేదని ఆ తర్వాత తెలిసింది. వైరు పొట్టిదైనందుకు ఒక ముసలామె అన్నం మానుకోవలసి వచ్చిందంటే నాకు సిగ్గుగా ఉంది, మీకూ ఉండాలి.

2. మేళం కుటుంబాలకు. మాకు నెలజీతాలు లేవు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢాలు పోను మిగిలిన ముహూర్తాల మీదనే ఏడాది గడవాలి. ఒక్క పెళ్లిలో వెయ్యి రూపాయలు కోసినా అది పిల్లల స్కూలు ఫీజులో నుంచి పోతుంది. మాట ఊళ్లోకి పాకితే తర్వాతి రెండు మూడు బేరాలు పోతాయి, వాటికి లెక్క కట్టేవారు లేరు.

3. తోటి వాద్యకారులకు. డోలుకూ తాళానికీ బ్లూటూత్‌తో సంబంధం లేదు. అయినా కోత అందరికీ పడుతోంది, దాంతో మేళంలో మేళానికే తగాదాలు వస్తున్నాయి. ఎలక్ట్రానిక్ శాక్స్ ఉంటే రామని చెప్పే డోలు విద్వాంసులు ఇద్దరు నాకు తెలుసు. వాళ్లను తప్పుపట్టలేను.

4. నేర్చుకునే పిల్లలకు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉండబట్టి చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా పిల్లలు సంగీతం వైపు వస్తున్నారు. చదువు ముగిశాక అప్పు చేసి వాయిద్యం కొని, మొదటి పెళ్లిలోనే అవమానపడి, వాయిద్యాన్ని సగం ధరకు అమ్మేసి డెలివరీ పనికి పోయిన అబ్బాయి ఒకడు నా దగ్గరే నేర్చుకున్నాడు. వాడి వాయిద్యంలో లోపం లేదు. ఇంట్లో తమ్ముడి ఫోనుకు ముందే జతపడి ఉండడంతో, మండపానికి తమ్ముడు కూడా వచ్చేసరికి, టాబ్లెట్‌ను వదిలి వాయిద్యం ఆ ఫోనును పట్టుకుంది. ఈ రకం పరికరాలు సాధారణంగా ఒకసారికి ఒక్కదానితోనే కలుస్తాయని వాడికి అమ్మినవాళ్లు చెప్పలేదు.

5. మండపాలకు కూడా. మేళం చెడితే పెళ్లివారు మండపాన్నీ తలుచుకుంటారు. ఇది మీకు చెప్పనక్కరలేదు.

ఈ కారణాల వల్ల మా కోరికలను ఈ కింది విధంగా మీ ముందు ఉంచుతున్నాం.

మండపాల యాజమాన్యాలను కోరేది:

6. పీటల దగ్గర మేళం కూర్చునే చోటి నుంచి మిక్సర్ ఉండే చోటి వరకు గోడ వెంబడి శాశ్వతంగా రెండు మైకు లైన్లు వేయించండి. పూల అలంకరణకు లక్షలు ఖర్చయ్యే హాల్లో ఇది లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు. మిగతా కోరికలన్నీ పక్కన పెట్టినా దీన్ని మాత్రం వదులుకోం.

7. మండపం వైఫైని వీలైనంత వరకు 5 గిగాహెర్ట్జ్ మీదికి మార్చండి. 2.4 తప్పనిసరి అయితే రూటర్‌ను 1, 6, 11 చానళ్లలో ఒకదానికి కట్టేసి, చానల్ వెడల్పును 40 కాకుండా 20 మెగాహెర్ట్జ్‌లో పెట్టించండి. వెడల్పు 40లో ఉంటే ఒక్క రూటరే సందులో సగం ఆక్రమిస్తుంది. రూటర్ పెళ్లి వేదిక వెనక గోడకు కాకుండా భోజనశాల వైపు ఉంటే ఇంకా మంచిది.

8. కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ కొన్ని క్షణాల్లో రిసీవర్లన్నీ ఆగి మళ్లీ మొదలవుతాయి, వాయిద్యంతో సంబంధం మళ్లీ కలవాలి. మేళం దగ్గరి ప్లగ్గును యూపీఎస్ మీద ఉంచండి. సీరియల్ లైట్లు, పొగ మిషన్ తగిలించిన బోర్డుకే మమ్మల్నీ తగిలించవద్దు.

9. ఎల్ఈడీ తెర, లైట్లు, వీడియో పరికరాలు అన్నీ వేసి ఉండగా మేళానికి పదిహేను నిమిషాలు పరీక్ష సమయం ఇవ్వండి. ఖాళీ హాల్లో, తెర ఆపేసి చేసే పరీక్ష పరీక్ష కాదు. ముహూర్తానికి ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు డ్రోన్‌ను హాలు లోపల ఎగరనివ్వకండి.

10. స్వరం తెగితే, నేను పైన చెప్పిన రెండు నిమిషాల పరీక్షను ఇరువైపుల వారి ఎదుట చేయకుండా ఒక్క రూపాయి కూడా కోయకూడదు. తప్పు మాదని తేలితే కోత మా ఒక్కరి వాటాలోనే పడాలి, డోలు, తాళం వాళ్ల మీద పడకూడదు. ఇది ఒప్పంద కాగితంలో రాయాలి.

సౌండ్ సర్వీసు సోదరులను కోరేది ఎక్కువ లేదు:

11. మేళానికి ఒక లైను, వాయిద్యం సంకేతాన్ని మైకు లైనుకు సరిపడేలా మార్చే డీఐ బాక్సు ఒకటి ముందుగానే కేటాయించండి. బాక్సు లేకుండా వాయిద్యాన్ని పొడవాటి మామూలు వైరుతో నేరుగా కలిపితే గుయ్యిమని వస్తుంది, దానికీ మమ్మల్నే అంటున్నారు. మిక్సర్ బ్లూటూత్ బటన్‌ను రికార్డు పాటలకే ఉంచండి. 2.4 మీద నడిచే మైకులు ఎన్ని వేస్తున్నారో ముందే చెప్పండి. రిసీవర్ పెట్టవలసి వస్తే నేల మీద, డబ్బాల వెనక కాకుండా మనిషి తల కంటే ఎత్తున స్టాండు మీద, వాద్యకారుడికి ఎదురుగా కనపడేలా పెట్టండి. మీరు తెల్లవారుజామున రెండింటికే వచ్చి వైర్లు లాగుతారని, నిద్ర లేకుండా పనిచేస్తారని మాకు తెలుసు. మీ పనికీ మా పనికీ వైరం లేదు.

వాయిద్యాల దుకాణదారులను గట్టిగా కోరేది:

12. డబ్బా మీద "బ్లూటూత్" అని ఉంటే అది స్వరాల సమాచారం పంపేదా, శబ్దం అందుకునేదా, శబ్దం పంపేదా అన్నది అమ్మేముందు చెప్పి, బిల్లు వెనక రాసి ఇవ్వండి. ఈ మూడూ ఒకటే అనుకుని కొన్నవాళ్లు డజను మంది మా దగ్గరకు వచ్చారు.

13. వాయిద్యంతో పాటు ఒక తెలుగు కాగితం ఇవ్వండి. అందులో కనీసం ఇవి ఉండాలి. ఐఫోన్, ఐప్యాడ్‌లలో బ్లూటూత్ సెట్టింగుల్లోకి వెళ్లి వాయిద్యాన్ని జత చేయకూడదు, సంగీతం యాప్ లోపలి నుంచే కలపాలి. ఆండ్రాయిడ్ 11 వరకు లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే యాప్‌కు వాయిద్యం కనపడదు, 12 నుంచి దగ్గరి పరికరాల అనుమతి వేరుగా అడుగుతుంది, దాన్ని ఒప్పుకోవాలి. బ్యాటరీ సేవర్ వేసి ఉంటే తెర ఆరగానే యాప్ నిద్రపోవచ్చు. పాత జతలను చెరిపేశాకే కొత్తది కలపాలి. చార్జింగ్ బ్యాటరీలు వాడే నమూనాలో బ్యాటరీ రకాన్ని సెట్టింగుల్లో సరిగా ఎంచకపోతే మీటరు తప్పు చూపుతుంది. అరపేజీ కాగితం ఇది. నా శిష్యుడి చేతిలో ఈ అరపేజీ ఉండి ఉంటే వాడు ఇవాళ మేళంలో ఉండేవాడు.

14. కంపెనీలు సాఫ్ట్‌వేర్ సవరణలు విడుదల చేసినప్పుడు కొన్నవారికి ఫోను చేసి చెప్పండి, దుకాణంలోనే ఎక్కించి ఇవ్వండి. మన దేశంలో అమ్మే వైర్‌లెస్ పరికరాలకు ఉండవలసిన ప్రభుత్వ ఆమోదం లేని చవక రిసీవర్లను అంటగట్టవద్దు.

మా వైపు నుంచి మేము కట్టుబడేవి కూడా రాస్తున్నాను. ఎలక్ట్రానిక్ శాక్స్ తెచ్చే ప్రతి మేళమూ పదిహేను మీటర్ల వైరు, నిండుగా చార్జి చేసిన అదనపు బ్యాటరీ వెంట తెస్తుంది. టాబ్లెట్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ ఒక్కటే వేస్తుంది, మేళంలోని మిగతా అందరి ఫోన్లలో బ్లూటూత్ ఆపేస్తుంది. ఇరుక్కున్న స్వరాన్ని ఆపే పానిక్ మీట ఎక్కడుందో పక్కన కూర్చున్నవారికి కూడా నేర్పుతుంది. గట్టిమేళం వేళ మాత్రం వైర్‌లెస్‌ను నమ్ముకోకుండా వైరు మీద గానీ, అసలు నాదస్వరం మీద గానీ వాయిస్తుంది. నేను ఆ పెళ్లి తర్వాత మా నాన్నగారి నాదస్వరాన్ని, శ్రుతి చూసిన రెండు పీకలతో సహా, ఒళ్లో పెట్టుకునే కూర్చుంటున్నాను.

ఈ విషయాలు నోటితో చెబితే నమ్మకం కలగకపోవచ్చు. తిరుపతిలో ఒకటి, చిత్తూరులో ఒకటి, ఏ మండపం వారైనా సరే, ఒక ఖాళీ పూట హాలు ఇస్తే వాయిద్యం, టాబ్లెట్, రూటర్, హార్డ్ డిస్కు అన్నీ మేమే తెచ్చుకుని, స్వరం ఎక్కడ తెగుతుందో, ఎందుకు తెగుతుందో, వైరు వేయగానే ఎలా నిలుస్తుందో మీ కళ్లముందే చూపిస్తాం. డబ్బులు అక్కరలేదు. తెల్లవారుజామున నాలుగింటికి రమ్మన్నా వస్తాం. శ్రావణంలో మొదటి ముహూర్తానికి వారం ముందుగా మీ సంఘాల నుంచి రాతపూర్వకమైన జవాబు కోరుతున్నాం. జవాబు రాకపోతే, మిక్సర్ దాకా లైను లేని మండపంలో ముహూర్తానికి ఎలక్ట్రానిక్ వాయిద్యం వాయించబోమని, కారణం కూడా పెళ్లివారికి ముందే చెబుతామని మా వాద్యకారులం ఇరవై ముగ్గురం మాట అనుకున్నాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల మేళం వాద్యకారుల తరఫున
ఒక వాద్యకారుడు